ఫారంలో ఏడుకి ఏడు, ట్రాలీ మీద మాత్రం అదే స్పిరిట్ దూది డబ్బా

ఎంఎస్సీ_రెండో_ఏడు

అందరికీ నమస్తే. ఎంఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్టాఫ్ నర్సులు ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ (పరిశోధనలో తేలిన ఆధారాలను బట్టి పనిచేయడం) గురించి ఏమనుకుంటారు, దాన్ని ఎంతవరకు వాడతారు అన్నది నా థీసిస్. 2006లో బ్రిటన్‌లో తయారైన 24 ప్రశ్నల ఫారం ఒకటి ఉంది, దాన్నే పట్టుకుని వార్డుల్లో తిరుగుతున్నాను. ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి ఏడు దాకా మార్కు పెట్టాలి.

ఒక ప్రశ్నలో ఎడమ చివర ‘కొత్త ఆధారాలు చదువుకునేంత తీరిక నా పనిలో లేదు’ అని ఉంటుంది. కుడి చివర ‘అవి ఎంత ముఖ్యమంటే, వాటికోసం తీరిక చేసుకుంటాను’ అని ఉంటుంది. ఇప్పటిదాకా నేను కలిసిన సిస్టర్లలో దాదాపు అందరూ కుడి చివరే టిక్ పెట్టారు. చాలామంది ఏడుకి ఏడు.

సరే, అసలు సంగతికి వస్తా. మొన్న సర్జికల్ వార్డులో ఒక సిస్టర్ నా ఫారం ఇంజెక్షన్ ట్రాలీ మీదే పెట్టుకుని నింపుతున్నారు. మధ్యలో ఒక పేషెంట్‌కి ఇంజెక్షన్ టైమైంది. పెన్ను పక్కన పెట్టి, స్పిరిట్‌లో నానబెట్టిన దూది ఉన్న స్టీలు డబ్బా మూత తీసి, వేళ్లతో ఒక ఉండ పిండి, ఇంజెక్షన్ చేసి వచ్చి మళ్లీ టిక్కులు పెట్టారు. దూదిని డబ్బాలో ముందే నానబెట్టి ఉంచవద్దు, చేతి మీది క్రిములు, చుట్టుపక్కల క్రిములు అందులో చేరతాయి అని డబ్ల్యూహెచ్‌ఓ 2010లో ఇచ్చిన ఇంజెక్షన్ల పుస్తకంలో స్పష్టంగా ఉంది. నిజం చెప్పాలంటే నాకూ ఆ సంగతి తెలిసి నెల కాలేదు. నాలుగేళ్ల బీఎస్సీలో, రెండేళ్ల ఉద్యోగంలో నేనూ ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టాను.

ఫారం ప్రకారం చూస్తే మనమంతా ఆధారాల మీదే పనిచేస్తున్నాం. వార్డు చూస్తే అలా లేదు. ఎక్కడ తేడా కొడుతోంది? మీ వార్డుల్లో ఎలా ఉందో చెప్పండి. పేర్లు, హాస్పిటల్ పేర్లు వద్దు.

నైట్_డ్యూటీ_నాగమ్మ

చెల్లీ, నీ ఫారం తెల్లవారుజామున అయిదింటికి నాకిచ్చి ఉంటే నేనూ ఏడే పెట్టేదాన్ని. ఎందుకంటే ఏడు పెడితే నువ్వు వెళ్లిపోతావు, మూడు పెడితే ‘ఎందుకు మేడమ్’ అని అడుగుతావు.

మా వార్డులో నిన్న రాత్రి 43 మంది, నేల మీద పరుపులతో కలిపి. ఇద్దరం స్టాఫ్. బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్కా రుజువులతో కట్టిందే కదా, దాన్ని అమలు చేయమని ఫారం ఎవరికిస్తారు?

టీపీఆర్ చార్టులు (జ్వరం, నాడి, ఊపిరి రాసేవి) తీసి చూడు. ఊపిరి లెక్క కాలమ్‌లో అందరికీ 20. ఆయాసంతో మంచం మీద లేచి కూర్చున్నాయనకీ 20, నిద్రపోతున్న పిల్లాడికీ 20. నేనూ రాశాను. 43 మంది పక్కన తలా ఒక నిమిషం నిలబడి లెక్కపెడితే మిగతా డ్యూటీ ఎవరు చేస్తారు?

కోనసీమ_పిల్ల

మాకు 18 🙂 ఒక్కో హాస్పిటల్‌కి ఒక్కో నంబరు అనుకుంటా.

కరీంనగర్_బ్రదర్

నాగమ్మక్కా, టైమ్ లేదన్నది నిజమే. కానీ టైమ్ ఉన్నప్పుడు కూడా చేయలేకపోయిన సంగతి ఒకటి చెప్తా.

పక్షవాతం వచ్చి నెలరోజులుగా మంచంలో ఉన్న పెద్దాయన. మడమలు నొక్కుకుపోయి పుండు పడకుండా మన దగ్గర ఏం చేస్తం? గ్లౌజులో నీళ్లు నింపి, ముడేసి, మడమ కింద పెడతం. ట్రైనింగ్‌లో నేర్పింది అదే. ఒక్కో మంచం కింది భాగంలో రెండు తెల్లటి పొదుగుల్లాగా కనపడుతుంటయి. బెడ్‌సోర్ల గైడ్‌లైన్లలో వద్దు అని రాసిన వస్తువుల్లో ఈ నీళ్ల గ్లౌజు పేరు పెట్టి మరీ ఉన్నది. సెలైన్ సంచి పెట్టొద్దు, గాలి రింగు పెట్టొద్దు, నీళ్ల గ్లౌజు పెట్టొద్దు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమ గాల్లో తేలేటట్టు ఉంచాలె, అంతే. నీళ్ల గ్లౌజు ఎంత మెత్తగా ఉన్నా మడమ దానికి ఆనుతనే ఉంటది, బరువు అక్కడే పడతది.

ఆ రోజు వార్డు ఖాళీగానే ఉన్నది. గ్లౌజులు తీసేసి, రెండు దుప్పట్లు చుట్టి పిక్కల కింద పెట్టిన. పొద్దున రౌండ్స్‌లో పెద్ద సారు వచ్చి ‘గ్లౌజులేవి?’ అన్నడు. చెప్పిన. ‘నీకెవరు చెప్పారు?’ అన్నడు. గైడ్‌లైన్ అన్న. వెనక నిలబడ్డ హౌస్ సర్జన్లు నవ్విన్రు. సారు ఇంకేం అనలేదు గాని, రౌండ్స్ అయినంక ఇంచార్జి సిస్టర్ నన్ను పక్కకు పిలిచి ‘నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో నాయనా’ అన్నది. మధ్యాహ్నానికి గ్లౌజులు మళ్లీ వచ్చినయి.

నర్సులు పరిశోధన ఎందుకు వాడరు అని కొలిచే 28 అంశాల స్కేలు ఒకటి అమెరికాలో 1991లో తయారు చేసిన్రు. దాన్ని ఎన్నో దేశాలలో వాడిన్రు. ఎక్కడ చూసినా పైన కనిపించే అడ్డంకులు రెండు. ఒకటి టైమ్. రెండోది, పేషెంట్‌కి చేసే పద్ధతి మార్చే అధికారం నర్సుకి లేకపోవడం. మీ ఫారంలో ఆ రెండో ప్రశ్న ఉందా మేడమ్?

ఎంఎస్సీ_రెండో_ఏడు

లేదు బ్రదర్. ఎంత చదువుతారు, ఏమనుకుంటారు, ఏం తెలుసు అన్నవే ఉన్నాయి. ‘మార్చనిస్తారా’ అని ఎక్కడా లేదు. ఇది చదివాక కాస్త టెన్షన్ పట్టుకుంది నాకు.

రిటైర్డ్_హెడ్_సిస్టర్

నేను 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. పాత వాళ్లంటే మూర్ఖులు అన్నట్టు రాస్తే ఒప్పుకోను, ముందే చెప్తున్నాను.

మేము చదివిన రోజుల్లో బ్యాక్ కేర్ అంటే స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, ఎర్రబడిన చోట గట్టిగా మర్దన చేయడం. ప్రాక్టికల్ పరీక్షలో ఆ మర్దన తిన్నగా చేయకపోతే మార్కులు కోసేవారు. ఎగ్జామినర్ మన చేతుల వంకే చూస్తూ నిలబడేది. ఎర్రబడిన చోట రుద్దకూడదని, లోపలి కండ ఇంకా దెబ్బతింటుందని, స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుందని తరవాత వచ్చింది. వచ్చినప్పుడు మాకేం చెప్పారు? ‘రేపటి నుంచి మర్దన వద్దు’ అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇరవై ఏళ్లు ఏ పనికి శభాష్ అన్నారో అదే పని తప్పు అని ఒక్క ముక్కలో అంటే చెయ్యి వెంటనే ఆగుతుందా?

పైగా కారణం చెప్పకుండా మానమన్నారు కాబట్టి, ఇంకో సూపరింటెండెంట్ వచ్చి కారణం చెప్పకుండానే మళ్లీ చేయమంటే చేశాం కూడా.

ఎవిడెన్స్ మీరు కనిపెట్టిన కొత్త వింత కూడా కాదు. క్రిమియా యుద్ధం నుంచి వచ్చిన నైటింగేల్ 1858లో గుండ్రటి బొమ్మలు గీసి, సిపాయిలు గాయాలకంటే జబ్బులతోనే ఎక్కువ చచ్చారని అంకెలతో చూపించింది. దీపం పట్టుకున్న బొమ్మ మనకు పంచారు గానీ ఆవిడ లెక్కలు నేర్పలేదు.

అమ్మ_ఆపరేషన్_ఆలస్యం

నేను నర్సుని కాదు, పేషెంట్ కొడుకుని. ఇక్కడ అడగొచ్చో లేదో.

మా అమ్మకి షుగర్ ఉంది. హెర్నియా ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి అన్నం పెట్టి, ఇంక మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. ఆపరేషన్ మధ్యాహ్నం మూడింటికి జరిగింది. పదకొండింటికే నాలుక పిడచకట్టి, కళ్లు తిరుగుతున్నాయంది. రెండు గుక్కలు నీళ్లు ఇవ్వమని సిస్టర్‌ని బతిమాలాను. ‘రూల్ అండీ, ఏమైనా అయితే నా మీదకొస్తుంది’ అన్నారు. ఆవిడ మంచావిడే, తడి గుడ్డతో పెదాలు తుడిచింది. దీనికేమైనా ఆధారం ఉందా, లేక ఇది కూడా గ్లౌజు లాంటిదేనా?

మత్తు_డాక్టర్

నేను అనస్థీషియా పీజీని. మీ ప్రశ్నకి జవాబు సూటిగా చెప్తే సిగ్గుపడాల్సింది మేమే. అమెరికన్ అనస్థీషియా సొసైటీ 1999 నుంచీ చెప్తున్నది ఇది: తేలికపాటి తిండికి, పాలకి ఆరు గంటలు, మంచినీళ్లలాంటి తేట ద్రవాలకి రెండు గంటలు. మామూలు పేషెంట్ ఆపరేషన్‌కి రెండు గంటల ముందుదాకా నీళ్లు తాగొచ్చు. షుగర్ వల్ల పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లకి జాగ్రత్త కావాలి, ఆ మాట డాక్టర్ చూసి చెప్పాలి. అయినా పద్దెనిమిది గంటలు ఎండగట్టమని ఎవరూ చెప్పలేదు.

మరి ఎందుకు జరుగుతుంది? మా ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టులో ఎవరి కేసు ఎన్నింటికో మాకే తెలియదు. ముందు కేసు రద్దయితే మీ అమ్మగారిని తొమ్మిదింటికే లోపలికి పిలవాలి. అందుకని కేస్ షీట్‌లో అందరికీ ఒకటే రాస్తాం, ‘రాత్రి 10 నుంచి ఏమీ ఇవ్వొద్దు’ అని. సిస్టర్ ఆ మాట దాటి గ్లాసు నీళ్లిస్తే, మేము కేసు వాయిదా వేస్తే, సర్జన్ అరిచేది సిస్టర్ మీదే. ఆవిడకి గైడ్‌లైన్ తెలిసినా ఇవ్వదు. ఇవ్వకపోవడమే ఆవిడకి క్షేమం.

నైట్_డ్యూటీ_నాగమ్మ

డాక్టర్ గారూ, ఈ మాట ఒక డాక్టర్ నోట వినడం ఇదే మొదలు. మీ కేస్ షీట్‌లో టైమ్ రాయండి, గ్లాసు నేను పట్టుకుంటా.

లీడ్స్_లో_తెలుగు_నర్స్

నేను గుంటూరులో జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చేసి, అయిదేళ్లు అక్కడ పనిచేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్నాను. ఇక్కడేదో స్వర్గం అని చెప్పడానికి రాలేదు, ఇక్కడా స్టాఫ్ కొరతే.

నా మొదటి నెలలో ఒక పేషెంట్‌కి రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే గొట్టం) వేశాను. అలవాటు కొద్దీ సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెత్ పెట్టి ‘బుస్’ శబ్దం వింటున్నాను. పక్కనున్న నర్సు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘నువ్వు చేస్తున్నది ఇక్కడ నిషేధం’ అంది. ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ఆ శబ్దం పొట్ట మీద వినపడుతుంది, అది నమ్మి పాలు పోస్తే మనిషి చనిపోతాడు. అలాంటి సంఘటనల తరవాతే 2005లో ఇక్కడ దేశమంతటికీ హెచ్చరిక ఇచ్చారు. ట్యూబ్ నుంచి లాగిన ద్రవాన్ని పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చూపే) కాగితం మీద వేయాలి. 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే ఫీడ్ పెట్టాలి. ద్రవం రాకపోయినా, అంకె ఎక్కువొచ్చినా ఎక్స్‌రే.

గమనించాల్సింది ఏంటంటే, ఆ నర్సు పరిశోధన చదివి నన్ను ఆపలేదు. ఆవిడ దాని పేరు కూడా విని ఉండదు. వార్డులో పీహెచ్ కాగితం డబ్బా ఉంది, చార్టులో అంకె రాసే గడి ఉంది, ఆ గడి ఖాళీగా ఉంటే ఫీడ్ మొదలుపెట్టలేం. అంటే చదవాల్సిన వాళ్లు చదివి, మాకు వస్తువూ గడీ ఇచ్చారు. గుంటూరులో నాకు రెండూ లేవు, చెవీ స్టెతస్కోపూ ఉన్నాయి.

క్వాలిటీ_సెల్

నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే సంస్థ) పనులు చూస్తాను. లీడ్స్ మేడమ్ చెప్పిన గడులు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. క్యాథెటర్ బండిల్ (తప్పక చేయాల్సిన పనుల జాబితా), వెంటిలేటర్ బండిల్, క్యాన్యులా (నరంలో పెట్టే సెలైన్ గొట్టం) చార్టు, అన్నీ ఉన్నాయి. సమస్య ఏంటంటే స్టాఫ్ మనసు పెట్టరు, షిఫ్ట్ చివర్లో కూర్చుని వరసగా టిక్కులు కొట్టేస్తారు. ట్రైనింగ్ ఇస్తే నిద్రపోతారు.

నైట్_డ్యూటీ_నాగమ్మ

> ట్రైనింగ్ ఇస్తే నిద్రపోతారు

నైట్ డ్యూటీ దిగిన వాళ్లని పొద్దున తొమ్మిదింటి ట్రైనింగ్‌కి కూర్చోబెడితే నిద్ర పోక భరతనాట్యం చేస్తారా? ఆడిట్ వారంలో మాత్రమే అల్మారాలోంచి బయటికొచ్చే శానిటైజర్ సీసాల సంగతి కూడా చెప్పండి.

క్వాలిటీ_సెల్

మా దగ్గర అలా లేదు మేడమ్. అన్ని చోట్లా ఒకలాగే ఉండదు.

కోనసీమ_పిల్ల

ఆ సీసాలు మాకు తెలుసు 🙂

ఐసీయూ_పదిహేనేళ్లు

నేను అందరికీ విరుద్ధంగా ఒక మాట చెప్తాను. ఎవిడెన్స్ ఎవిడెన్స్ అంటున్నారు, అది నిలకడగా ఒక చోట ఉంటే కదా.

2001లో బెల్జియం నుంచి ఒక స్టడీ వచ్చింది. ఐసీయూ పేషెంట్లకి ఇన్సులిన్‌తో షుగర్‌ని 80 నుంచి 110 మధ్య బిగించి పెడితే మరణాలు తగ్గుతాయని. ప్రపంచమంతా మొదలుపెట్టింది. మా సీనియర్లు గంటగంటకీ వేలు పొడిచి, ఇన్సులిన్ పంపు సర్దుతూ ఉండేవారట. పేషెంట్ల వేళ్ల కొసలు జల్లెడ. 2009లో నైస్ షుగర్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది, 6,104 మంది మీద. బిగించి పెట్టిన వాళ్లలో 90 రోజుల్లో 27.5 శాతం చనిపోయారు, 180 లోపు ఉంటే చాలనుకున్న వాళ్లలో 24.9 శాతం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

వెంటిలేటర్ పేషెంట్ నోరు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో తుడవమన్నారు, బండిల్‌లో పెట్టారు, మేం ఏళ్ల తరబడి తుడిచాం. 2022లో అమెరికా ఇన్‌ఫెక్షన్ నివారణ సంఘాలు దాన్ని మామూలుగా వద్దనే జాబితాలోకి నెట్టి, బ్రష్‌తో పళ్లు తోమమన్నాయి. మా బండిల్ ఫారంలో మాత్రం ఇంకా క్లోర్‌హెక్సిడిన్ గడే ఉంది. టిక్ పెడితే పాత ఎవిడెన్స్, పెట్టకపోతే ఆడిట్‌లో తప్పు.

క్యాన్యులా సంగతీ అంతే. మూడు రోజులకోసారి మార్చాలని చదివాం. 2012లో ఆస్ట్రేలియా వాళ్లు 3,283 మంది మీద చూసి అవసరమైతేనే మార్చండి అన్నారు. రెండు గుంపుల్లోనూ సరిగ్గా 114 మందికే నరం వాచింది. సరే అనుకున్నాం. జెనీవాలో పెద్ద హాస్పిటల్ వాళ్లు అలాగే మారితే రక్తంలో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయని, మళ్లీ పాత పద్ధతికే వెళ్లామని 2021లో రాశారు. ఇంతలో మేం ఏం చేయాలి?

లీడ్స్_లో_తెలుగు_నర్స్

అక్కా, మీరు చెప్పినవన్నీ నిజం. కానీ బిగించిన షుగర్ చంపుతోందని మనకెలా తెలిసింది? మళ్లీ ఎవరో లెక్కపెట్టబట్టే కదా. లెక్కపెట్టకుండా ఉంటే ఇంకా వేళ్లు పొడుస్తూనే ఉండేవాళ్లం.

క్యాన్యులా గురించి మాత్రం నా అనుభవం చెప్తాను. ‘అవసరమైతేనే మార్చు’ అంటే ‘పట్టించుకోకు’ అని కాదు. ఇక్కడ ప్రతి షిఫ్ట్‌లో ఆ చోటు చూసి సున్నా నుంచి అయిదు దాకా స్కోరు వేస్తాం. నొప్పి ఉందా, ఎరుపు ఉందా, వాపు ఉందా అని. రెండొస్తే తీసేయాలి. ఆ చూసే మనిషి లేని వార్డులో మూడు రోజుల రూలే నయం అని నాకూ అనిపిస్తుంది. అసలు ఎక్కువ క్యాన్యులాలు వాడకుండానే పడి ఉంటాయి, రేపు పనికొస్తుందేమోనని. వాటిని తీసేయడానికి ఏ స్టడీ అక్కర్లేదు.

రిటైర్డ్_హెడ్_సిస్టర్

ఈ అమ్మాయి చెప్పింది పాయింటు. ఒకే ఆధారం, 43 మందికి ఇద్దరున్న వార్డులో ఒకలా పనిచేస్తుంది, ఎనిమిది మందికి ఒకరున్న చోట ఇంకోలా. అది చూసి చెప్పగలిగేది ఆ వార్డు నర్సే. డేవిడ్ సాకెట్ అనే డాక్టర్ 1996లో ఈ పద్ధతికి నిర్వచనం రాసినప్పుడు కూడా పరిశోధన ఒక్కటే అనలేదు. చేసేవాళ్ల అనుభవం, పేషెంట్ ఇష్టం కూడా కలిపే చెప్పాడు. మా మనవరాలు బీఎస్సీ చదువుతుంటే దాని పుస్తకంలో చూశాను.

గుంటూరు_జీఎన్‌ఎమ్

అందరూ పెద్దపెద్ద స్టడీలు చెప్తున్నారు. నేను తెలుగు మీడియంలో చదివి జీఎన్‌ఎమ్ చేశాను. ఇంజెక్షన్, డ్రిప్, డ్రెస్సింగ్ ఏదైనా కళ్లు మూసుకుని చేస్తాను. కానీ ఆ ఇంగ్లీషు పేపరు ఇస్తే మొదటి పేరా దాటలేను. పి వాల్యూ అంటే ఏంటో మా ట్యూటర్‌కీ తెలియదు, అడిగితే ‘పరీక్షకి రాదు’ అంది. వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే కోక్రేన్ వాళ్లు మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక పేజీ రాస్తారని ఎవరో చెప్తే చూశాను, అది ఫ్రీయే, కొంచెం నయం. కానీ అదీ ఇంగ్లీషే.

మాకు కొత్త సంగతులు తెలిసేది వాట్సాప్‌లో. అందులో నిజమేదో, ఎవరో మందుల కంపెనీ వాడు పెట్టిందేదో తెలియదు. ‘ఈ లేపనం రాస్తే బెడ్‌సోర్ మూడు రోజుల్లో మాయం’ అని ఫొటోలతో వస్తే మా హాస్టల్లో సగం మంది నమ్మారు.

బ్రదర్ గారూ, మీరు చెప్పిన ఆ దిండు సంగతి తెలుగులో నాలుగు లైన్లు రాసి పెట్టగలరా? మా వార్డులో అతికిస్తాను.

కరీంనగర్_బ్రదర్

రాస్త చెల్లె. దానికంటే ముందు ఆ కథ రెండో సగం చెప్పాలె, మొదటిసారి చెప్పలేదు.

గ్లౌజులు తిరిగి వచ్చినంక పది రోజులు నోరు మూసుకున్న. పెద్దాయన కుడి మడమ ఎరుపెక్కింది, తరవాత ఊదారంగు తిరిగింది. అప్పుడు పెద్ద సారు ఒక్కడే ఉన్నప్పుడు పోయిన, వెనక పిల్ల డాక్టర్లు లేకుండ చూసుకుని. ఈసారి చెప్పలేదు, అడిగిన. ‘సార్, మడమ రంగు మారుతోంది. గ్లౌజు ఉంచమంటరా, పిక్కల కింద దిండు పెట్టమంటరా?’ అని. సారు వచ్చి కాలు ఎత్తి చూసిండు. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. కేస్ షీట్ తీసుకుని ‘మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు’ అని రాసి సంతకం చేసిండు. ఆ సాయంత్రం నుంచి మూడు షిఫ్టుల్లో ఒక్కరు కూడా తప్పలేదు. నెల తిరిగేసరికి సారు మిగతా మంచాలకు కూడా అదే రాసుడు మొదలుపెట్టిండు.

నైట్_డ్యూటీ_నాగమ్మ

కథ బాగుంది బ్రదర్, చదువుతుంటే ఒళ్లు మండింది కూడా. మందు కాదు, ఆపరేషన్ కాదు, దిండు. దిండు పెట్టడానికి డాక్టర్ సంతకమా? నీకు తెలిసిన సంగతి తెలియనట్టు నటించి, ఆయన కనిపెట్టినట్టు ఆయన చేత రాయించుకోవాలా? ఆ పది రోజుల్లో మడమ పాడైంది ఎవరి ఖాతాలో?

కరీంనగర్_బ్రదర్

నా ఖాతాలనే అక్కా. రోజూ చూసిన.

కానీ ఇంకో రకంగా కూడా జరుగుతది. మా ఊళ్లోనే 2017లో గవర్నమెంటు, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి స్టాఫ్ నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టిన్రు. ఆ కోర్సు చేసిన సిస్టర్‌తో పనిచేసిన. అందరికీ కాన్పు దారిలో కోత పెట్టకపోవుడు, నొప్పులప్పుడు నడవనిచ్చుడు, వెల్లకిలే పడుకోవాలని బలవంతం చేయకపోవుడు, ఇవన్నీ ఎప్పటి నుంచో పుస్తకంలో ఉన్నవే. తేడా ఎక్కడంటే, మామూలు కాన్పు నీ బాధ్యత అని ఆమెకు అప్పజెప్పిన్రు. ఆమె ఎవర్నీ ‘ఏం చేయమంటరు’ అని అడగలేదు. తెలిసింది తెలిసినట్టు చేసింది.

మత్తు_డాక్టర్

అలా అని మరీ తేలికగా కూడా అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పు గదిలో చెక్‌లిస్టు పెట్టి, పక్కన నిలబడి నేర్పించి, ఫలితం 2017లో ప్రచురించారు. లక్షన్నరకు పైగా కాన్పులు. నేర్పిన చోట నర్సులు సరైన పనులు చేయడం బాగా పెరిగింది, రెండు నెలలకి చూస్తే నేర్పని చోట 42 శాతం, నేర్పిన చోట 73 శాతం. కానీ తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. రక్తం, డాక్టరు, మందులు, పెద్దాసుపత్రికి చేర్చే బండి, అవన్నీ అలాగే ఉంటే నర్సు చేతిలో మార్పు ఒక్కటే ఎంతని మోస్తుంది.

ఎంఎస్సీ_రెండో_ఏడు

మూడు వారాలు కనపడలేదు, క్షమించండి. ఈ చర్చంతా ప్రింట్ తీసి (పేర్లు కొట్టేసి) మా గైడ్ మేడమ్ ముందు పెట్టాను. ‘చర్చా వేదికని చూసి థీసిస్ మారుస్తావా’ అని మొదట కసురుకున్నారు. తరవాత మెల్లగా కూర్చోమని, ఫారంతో పాటు చూసి రాసుకునే చెక్‌లిస్టు ఒకటి, ‘మార్చే అధికారం మీకుందా’ అన్న ప్రశ్నలు కొన్ని కలుపుదాం, ఎథిక్స్ కమిటీకి మళ్లీ రాయి అన్నారు. నాలుగు నెలలు పెరిగింది. ఇంట్లో అమ్మ గొడవ.

చెక్‌లిస్టులో మొదటి అంశం స్పిరిట్ దూది. మూడు వార్డులు తిరిగాను, మూడింట్లోనూ డబ్బాలే. ఇంచార్జి సిస్టర్‌ని అడిగితే విడివిడిగా ప్యాక్ చేసిన స్వాబ్‌ల కోసం ఇండెంట్ పెట్టానని, స్టోర్స్ వాళ్లు ‘బడ్జెట్ లేదు’ అని తిప్పి పంపారని ఆ కాగితం చూపించారు. ఏం చేయాలో తోచలేదు.

రిటైర్డ్_హెడ్_సిస్టర్

పిచ్చితల్లీ, స్వాబ్‌లు అడగమని నీ డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకంలో ఉందా? ఒకసారి వాడి పారేసే శుభ్రమైన దూది చాలు. దూది పొడిగా ఒక మూత డబ్బాలో ఉంచు. స్పిరిట్ వేరే సీసాలో ఉంచు. ఇంజెక్షన్‌కి వెళ్లే ముందు ఒక ఉండ తీసుకుని, దాని మీద స్పిరిట్ పొయ్యి. చర్మం మీద అరనిమిషం రుద్ది, అరనిమిషం ఆరనివ్వు. దూదీ పాతదే, స్పిరిటూ పాతదే, డబ్బా కూడా పాతదే. స్టోర్స్ వాళ్లని అడగాల్సింది ఏమీ లేదు.

ఒకటే కష్టం. పొద్దున్నే డబ్బా నిండా దూది నానబెట్టడం చాలా వార్డుల్లో ఆయా డ్యూటీ, పాతికేళ్లుగా చేస్తూ ఉంటుంది. ముందు ఆవిడతో మాట్లాడు. లేకపోతే నువ్వు పొడి దూది పెట్టి వెళ్లిన మర్నాడే, పాపం ఎవరో స్పిరిట్ పోయడం మరిచిపోయారనుకుని ఆవిడే పోసేస్తుంది.

ఎంఎస్సీ_రెండో_ఏడు

మేడమ్, ఆవిడ సరిగ్గా అదే చేసింది. నిన్న పొద్దున.